టికాల్ వెళ్లే అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఫిబ్రవరిలో గ్వాటెమాలా వెళ్లి, మాయా జాతివాళ్ల పాత నగరం టికాల్ చూడబోతున్నారని మీ నాన్న చెప్పాడు, మీ ప్రయాణ పట్టిక కూడా పంపాడు. నెల బాగా ఎంచుకున్నారు. అక్కడ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. ఏప్రిల్ చివర, మే నెలల్లో ఎండకు మనిషి నిలవడు, ఆ తర్వాత దారులు బురద. అయితే మీరు వేసుకున్న పట్టికలో సగం మార్చాలి. తెల్లవారుజామున మూడింటికి వ్యాన్ ఎక్కడం, సూర్యోదయం చూడటం, మధ్యాహ్నానికల్లా వెనక్కి రావడం అంటే ఊరి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చినట్టే.

ముందు కాగితాల సంగతి. మీ ఇద్దరి అమెరికా హెచ్ వన్ బీ వీసా స్టాంపింగ్ తేదీ చూసుకోండి. స్టాంపింగ్ గడువు దాటినా కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోపు ఐ-94 (అమెరికాలో ప్రవేశించినప్పటి నమోదు పత్రం) చూపించి వెనక్కి రావచ్చు. ఆ వెసులుబాటు గ్వాటెమాలాకు లేదు. గ్వాటెమాలా చూసుకుని మెక్సికో మీదుగా వస్తే కుదురుతుందేమో అని మీ స్నేహితులెవరైనా చెబితే వినకండి, అదీ కుదరదు. గడువు దాటి ఉంటే ఈ ప్రయాణం స్టాంపింగ్ వేయించుకున్నాకే. మీ అత్తగారు, మామగారు విజిటర్ వీసా మీద ఉన్నారు కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీయా కాదా చూడండి. భారత పాస్‌పోర్టుకు గ్వాటెమాలా వీసా కావాలా అక్కర్లేదా అన్నది వాట్సాప్ గ్రూపులో అడిగి ఊరుకోవద్దు. విమానం టికెట్లు కొనకముందే కాన్సులేట్‌కు మెయిల్ రాసి, వచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. వాదన వచ్చేది అక్కడి ఇమిగ్రేషన్‌లో కాదు, ఇక్కడి చెక్-ఇన్ కౌంటర్‌లో.

గ్వాటెమాలా సిటీ నుంచి విమానంలో గంట ప్రయాణం చేస్తే పెతెన్ ప్రాంతంలో దిగుతారు. విమానాశ్రయం శాంతా ఎలేనాలో ఉంటుంది. చెరువు మధ్య ద్వీపంలా ఉన్న ఫ్లోరెస్ పక్కనే. అక్కడి నుంచి టికాల్ దాదాపు 65 కిలోమీటర్లు, గంటన్నర పడుతుంది. ఫ్లోరెస్ అందంగా ఉంటుంది, మంచి హోటళ్లున్నాయి, అందుకే అందరూ అక్కడే ఆగుతారు. మీరు మాత్రం ఒక రాత్రి పార్కు లోపలి లాడ్జిలో ఉండండి. అవి కొన్నే కాబట్టి ముందుగా బుక్ చేసుకోవాలి. కరెంటు రోజంతా ఉంటుందని అనుకోవద్దు, రాత్రి కొన్ని గంటలు తీసేయవచ్చు. మామగారికి ఫ్యాను లేకపోతే నిద్రపట్టదంటే ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లు. లోపల ఏటీఎం కోసం వెతక్కండి. అక్కడి డబ్బు, అంటే కెట్సాళ్లు, ఫ్లోరెస్‌లోనే తీసి పెట్టుకోండి.

విదేశీయులకు పగటి టికెట్ 150 కెట్సాళ్లు, సూర్యోదయానికో సూర్యాస్తమయానికో వేరే టికెట్ మరో 100 అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. టికెట్ మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది కాబట్టి అసలు పాస్‌పోర్టులు వెంట ఉండాలి. పార్కు గేటు నుంచి లోపలి కేంద్రానికి ఇంకా 17 కిలోమీటర్లు. ఆ దారిలో వేగం గంటకు 45 కిలోమీటర్లు దాటకూడదు, జంతువులు రోడ్డు దాటుతుంటాయి. డ్రైవరును తొందరపెట్టకండి.

సూర్యోదయం టికెట్ వద్దని ఎందుకంటున్నానో చెబుతాను. నాలుగో నంబరు గుడి పైకెక్కి చీకట్లో కూర్చుంటారు. ఆ వేళకు అడవి మీద మంచు కమ్ముకుని ఉంటుంది. చాలా రోజుల్లో సూర్యుడు కనపడడు, తెల్లటి పొగలోంచి వెలుతురు మాత్రం మెల్లగా వస్తుంది. నిజంగా దక్కేది చప్పుడు. హౌలర్ కోతులు అరుస్తాయి. తెలియనివాళ్లు పులి అనుకుని భయపడతారు, ఆ గొంతు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. లాడ్జిలో మంచం మీద పడుకున్నా అదే చప్పుడు ఉచితంగా వినపడుతుంది. పిల్లవాడికి ముందే చెప్పి ఉంచు, లేకపోతే రాత్రంతా ఏడుస్తాడు.

వెంట తీసుకెళ్లేవి: మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు పంచదార కలిపే ఓఆర్ఎస్ పొట్లాలు, మడమ పట్టి ఉంచే, అడుగున గాడులున్న బూట్లు. అక్కడి సున్నపురాయి మీద నాచు పడుతుంది. తడిసిందంటే శాండల్స్ వేసుకున్నవాడు కిందపడకుండా రాడు. పొడుగు చేతుల పల్చని చొక్కాలు వేసుకోండి, డీఈఈటీ 20 నుంచి 30 శాతం ఉన్న దోమల మందు పూసుకోండి. పగటిపూట కుట్టే దోమతో డెంగీ ఉంది కాబట్టి సాయంత్రమే పూసుకుంటే చాలదు. ఒక చిన్న టార్చి, ఒక బైనాక్యులర్ తప్పనిసరి. ఈ రెండూ ఎందుకో కింద చెబుతాను. డ్రోన్ ఇంట్లో వదిలేయమను అబ్బాయిని, అనుమతి లేకుండా ఎగరేస్తే తీసేసుకుంటారు.

తిండికి ఇబ్బంది లేదు, మాట మాత్రం సరిగ్గా రావాలి. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని మనం అనుకుంటాం. అక్కడ కార్నే అంటే ముఖ్యంగా గొడ్డుమాంసం, కోడి అందులోకి రాదు. అందుకని "నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో" అని మూడూ విడివిడిగా చెప్పాలి. నల్ల చిక్కుడుగింజల కూరలో పందికొవ్వు వేయడం మామూలు. అత్తగారికి పట్టింపు కదా, "సిన్ మంతేకా" అని కూడా అడగండి. మొక్కజొన్న తోర్తియ్యాలు, అన్నం, గుడ్లు, వేయించిన అరటికాయ ఎక్కడైనా దొరుకుతాయి. లోపల తిరిగేటప్పుడు తిండి సంచి నేలమీద పెట్టకండి. పిసోతె అనే పొడుగుముక్కు జంతువులు గుంపుగా వచ్చి జిప్పు సహా లాక్కుపోతాయి.

ఇక అసలు విషయం. మొదటి రోజు మధ్యాహ్నం చేరగానే గుళ్ల వైపు పరుగెత్తకండి, మ్యూజియంకు వెళ్లండి. అది పార్కు కంటే ముందే మూసేస్తారు, మరునాడు అలసిపోయి వస్తే తాళం కనిపిస్తుంది. అక్కడ 31వ నంబరు స్టెలా ముందు అరగంట నిలబడాలి. స్టెలా అంటే నిలువుగా పాతిన చెక్కుడు రాయి. ఇది క్రీ.శ. 445లో సియాహ్ చాన్ కవీల్ అనే రాజు నిలబెట్టింది. ముందువైపు రాజు మాయా వేషంలో ఉంటాడు, తలపాగా, ఆభరణాలు, పక్షి ఈకలతో వేలు పెట్టే చోటు కూడా ఖాళీ ఉండదు. ఇప్పుడు పక్కకు వెళ్లి రెండు పక్కముఖాలూ చూడు. అక్కడ ఉన్నది అతని తండ్రి. బట్టలు వేరు, చేతిలో ఈటె విసిరే కర్ర, డాలు. అది వెయ్యి కిలోమీటర్ల అవతల మెక్సికోలోని తియోతివాకాన్ నగరపు సైనికుడి వేషం. వెనకవైపు రాతలో 378లో సియాహ్ కాక్ అనేవాడు టికాల్‌కు వచ్చిన సంగతి ఉంది. అతను వచ్చిన రోజే పాత రాజు చనిపోయాడు, తర్వాత కొత్త వంశం వచ్చింది. ఒకే రాతి మీద తండ్రి పరదేశి వేషంలో, కొడుకు స్వదేశి వేషంలో ఎందుకున్నారో ఆలోచించుకుని వెళితే, మరునాడు చూసే కట్టడాలు వేరేగా కనిపిస్తాయి.

అదే చోట అంకెలు చదవడం నేర్చుకోండి. చుక్క అంటే ఒకటి, గీత అంటే ఐదు, సున్నాకు గవ్వలాంటి గుర్తో మరో గుర్తో ఉంటుంది. 29వ స్టెలా మీద 8, 12, 14, 8, 15 అని ఐదు అంకెలున్నాయి. పైనుంచి కిందికి వాటి విలువలు 1,44,000 రోజులు, 7,200, 360, 20, 1. గుణించి కలిపితే 12,43,615 రోజులు. ఈ లెక్క క్రీ.పూ. 3114 ఆగస్టు నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ రాయి క్రీ.శ. 292 నాటిది. టికాల్‌లో దొరికిన తేదీల్లో ఇదే అన్నిటికంటే పాతది. పిల్లవాడికి కాగితం, పెన్సిలు ఇచ్చి లెక్క వేయించు, హాయిగా కూర్చుంటాడు. ఇక్కడ ఒక పొరపాటు అందరికీ జరుగుతుంది. చుక్క ఒకటే ఉంటే చోటు బోసిగా ఉంటుందని శిల్పి దానికి అటూ ఇటూ నెలవంకల్లాంటి అలంకారాలు చెక్కుతాడు. వాటినీ లెక్కపెడితే ఆరు కాస్తా ఎనిమిది అవుతుంది. గుండ్రంగా, నిండుగా ఉన్నవే చుక్కలు. రాతను రెండేసి నిలువు వరుసలుగా, ఎడమ, కుడి, మళ్లీ కింద ఎడమ, కుడి అని చదువుతారు. ఒకే వరుస కిందిదాకా చదివితే అర్థం తప్పుతుంది.

రెండో రోజు పొద్దున్న ఆరింటికి గేటు తెరవగానే లోపల ఉండండి. ప్రవేశద్వారం దాటగానే పెద్ద సెయిబా చెట్టు ఉంటుంది, మన బూరుగు జాతి. అక్కడి నుంచి అందరూ పెద్ద ప్లాజా, అంటే ఊరి నడిమి బయలు, వైపు పోతారు. మీరు కుడివైపు, ఇంగ్లీషు 'Q' అక్షరంతో పిలిచే కట్టడాల గుంపు, క్యూ కాంప్లెక్సుకు వెళ్లండి. ఫొటోలకు ఇది పెద్దగా పనికిరాదు కాబట్టి జనం ఐదు నిమిషాల్లో దాటేస్తారు. నా లెక్కలో మొదట చూడాల్సింది ఇదే, ఎందుకంటే టికాల్ కట్టినవాళ్ల ఆలోచన ఇక్కడ చిన్న కొలతలో మొత్తం కనిపిస్తుంది.

తూర్పున ఒక పిరమిడ్, పడమర దానికి జోడు. పైన గుడి ఉండదు, చదునుగా ఉంటాయి. తూర్పుదే బాగుచేశారు, పడమరది ఇంకా మట్టిదిబ్బగా ఉంది. తూర్పు పిరమిడ్ ముందు తొమ్మిది స్టెలాలు, వాటి ముందు గుండ్రటి బలిపీఠాలు, అన్నీ నున్నగా ఉంటాయి, చెక్కుడు లేదు. దక్షిణాన తొమ్మిది గుమ్మాల భవనం. ఉత్తరాన పైకప్పు లేని చిన్న ఆవరణ, అందులో చెక్కిన 22వ స్టెలా, దాని ముందు బలిపీఠం. ఇలాంటి కాంప్లెక్సు 7,200 రోజులకు, అంటే దాదాపు 20 ఏళ్లకు, ఒకటి చొప్పున కట్టేవారు. ఇది 771 నాటిది. ఆవరణలో రాజు చేతిలోంచి ఏదో చల్లుతుంటాడు, ముఖాన్ని ఎవరో చెక్కేశారు. అతని పక్కన పైన ఉన్న రాతలో నిన్న నేర్చుకున్నది పరీక్షించుకోండి: రెండు గీతలు మూడు చుక్కలు 13, మూడు గీతలు మూడు చుక్కలు 18. ఎదురుగా వెలుతురు పడితే చెక్కుడు కనిపించదు. టార్చిని రాతికి పక్కగా, ముఖానికి దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా పట్టుకుంటే నీడలు పడి ఒక్కో గీతా లేస్తుంది. నీళ్లు చల్లడం, సుద్దముక్కతో గీయడం, వేలితో తడమడం ఎవరు చేస్తున్నా ఆపండి.

ఎనిమిది ప్రాంతానికి నాలుగో గుడి చేరండి. మంచు విడిపోతూ ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. దాదాపు 65 మీటర్ల ఎత్తు, 741 ప్రాంతంలో యికిన్ చాన్ కవీల్ కట్టించింది. పక్కన కట్టిన కొయ్యమెట్ల మీదుగా ఎక్కాలి, ఆగి ఆగి వెళితే పది నిమిషాలు. మామగారి మోకాళ్లకు ఇది వద్దు. కింద బల్ల మీద కూర్చోబెట్టి పక్షులు చూడమనండి, ఆ చెట్ల మీద టూకాన్లు వాలతాయి. పైకెళ్లినవాళ్లు తూర్పు వైపు అంచున కూర్చుంటే అడవి పైకి లేచిన ఒకటి, రెండు, మూడో గుళ్ల తలలు కనిపిస్తాయి. గుమ్మాల పైదూలాలు సపోటా చెట్టు కలపతో చేసి, చెక్కినవి. పన్నెండు వందల ఏళ్లు చెదపురుగు ముట్టని కలప అది. చెక్కినవాటిలో గొప్పవి ఈ గుడివే, 19వ శతాబ్దంలో తీసుకుపోయారు, ఇప్పుడు స్విట్జర్లాండులోని బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. మనం తినే సపోటా పుట్టిల్లు ఆ ప్రాంతమే. దారిలో సపోటా మానుల మీద ఏటవాలుగా కత్తిగాట్లు కనిపిస్తాయి, చూయింగ్ గమ్‌కు పాలు తీసినవాళ్లు పెట్టిన గాట్లు.

చెట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి జాగ్రత్త. చెచెన్ అనే చెట్టు ఉంటుంది, బెరడు మీద నల్లటి మరకలు కారినట్టు ఉంటాయి. అది మన నల్లజీడి కుటుంబం, జీడి అంటుకున్నట్టే పొక్కుతుంది. పట్టు కోసం ఏ చెట్టునూ పట్టుకోవద్దని, కొమ్మలు విరవొద్దని పిల్లవాడికి గట్టిగా చెప్పు. దారి దిగి పొదల్లోకి వెళ్లడం పాముల వల్ల ఎటూ మంచిది కాదు.

దిగాక ముందోపెర్దిదో అనే కట్టడాల గుంపుకు వెళ్లండి. 30 మీటర్ల పిరమిడ్, దాని తూర్పున వరుసగా మూడు కట్టడాలున్న పొడుగు వేదిక. పడమర నుంచి చూసి సూర్యోదయం జరుపు గమనించే అమరిక అంటారు. టికాల్‌లో చాలా పాత భాగం, క్రీస్తుకు పూర్వమే మొదలైంది. పక్కనే ఏటవాలు గోడ మీద చట్రంలాంటి నిలువు పలక పెట్టి కట్టిన చిన్న పిరమిడ్ ఉంది, అది తియోతివాకాన్ పద్ధతి. నిన్న 31వ స్టెలా పక్కముఖాల మీద చూసిన పరదేశి వేషం ఇక్కడ రాతికట్టుగా ఉందన్నమాట. ఐదో గుడిని కిందనుంచి చూస్తే చాలు. మూడోది ఎక్కనివ్వరు, చాలావరకు చెట్లలోనే ఉంటుంది.

పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎండ మండిపోతుంది. ఆ వేళకు సెంట్రల్ అక్రోపొలిస్‌లో ఉండేలా చూసుకోండి. అది రాజభవనాల గుంపు, గదులు చల్లగా ఉంటాయి. గదులు పొడుగ్గా, ఇరుకుగా ఉండటం గమనించండి. వాళ్లు కట్టింది నిజమైన కమాను కాదు. రెండు గోడల నుంచీ రాళ్లను ఒక్కో వరుసకు కాస్త ముందుకు జరుపుతూ పేర్చి, పైన మిగిలిన సందును పలకతో మూసేవారు. వెడల్పు పెంచితే కూలుతుంది కాబట్టి గోడలు లావు, గది సన్నం. బయట కొండంత కట్టడం, లోపల మంచం వేస్తే తిరగడానికి చోటుండదు. గచ్చు మీద పాతకాలపువాళ్లు గీసిన బొమ్మలు టార్చి వేస్తే అక్కడక్కడ కనిపిస్తాయి. పక్కనే ఇటీవలి సందర్శకుల పేర్లూ ఉంటాయి, ఏది ఏదో గీత లోతు చూస్తే తెలిసిపోతుంది.

దాని దక్షిణ అంచున నిలబడి కిందికి చూడండి, లోతైన పల్లం. అది చెరువు. టికాల్‌కు నది లేదు. ప్లాజాలను సున్నంతో గచ్చు చేసి వాలు పెట్టి వాననీటిని ఈ చెరువుల్లోకి మళ్లించేవారు. 2020లో వెలువడిన పరిశోధనలో ఈ చెరువు అడుగు మట్టిలో పాదరసం ఎక్కువగా తేలింది. గోడలకు పూసిన ఇంగిలీకం, అంటే పాదరసం ఉన్న ఎర్రరంగు ఖనిజం, వానకు కొట్టుకొచ్చి చేరిందని తేల్చారు. అదే ఊళ్లో మరో చెరువులో నీటిని వడకట్టడానికి దూరం నుంచి తెచ్చిన జియోలైట్ అనే ఖనిజం వాడిన ఆనవాళ్లూ దొరికాయి. గైడులు ఇది చెప్పకుండా రాజుల యుద్ధాలు మాత్రమే చెబుతారు, మీరే అడగండి. గైడును పెట్టుకుంటే ఇంగ్వాట్ (గ్వాటెమాలా ప్రభుత్వ పర్యాటక సంస్థ) గుర్తింపు కార్డు చూసి, ఎన్ని గంటలు, ఏయే చోట్లు అన్నది ముందే మాట్లాడుకోండి.

పెద్ద ప్లాజా చివరికి ఎందుకు ఉంచానంటే, ఒకటో గుడి ముఖం పడమరకు ఉంది. పొద్దున్న వెళితే సూర్యుడు దాని వెనక ఉంటాడు, ఫొటోలో నల్లటి నీడ తప్ప ఏమీ రాదు. రెండు దాటాక వెలుతురు నేరుగా మెట్లమీద పడుతుంది. ఎదురుగా ఉన్న రెండో గుడి కొయ్యమెట్లు ఎక్కనిస్తే అక్కడి నుంచి చూడండి. ఒకటో గుడిని ఎక్కనివ్వరు. తొమ్మిది అంతస్తులు, 47 మీటర్లు, హసావ్ చాన్ కవీల్ సమాధి దాని అడుగున ఉంది. 695లో ప్రత్యర్థి రాజ్యం కలక్‌ముల్‌ను ఓడించి, నూరేళ్లకు పైగా దిగజారి ఉన్న టికాల్‌ను లేపినవాడు. బైనాక్యులర్ ఇక్కడ తీయాలి. గుడి తలమీద గోడలా నిలబెట్టిన భాగాన్ని పట్టి పట్టి చూస్తే, అరిగిపోయిన మధ్యభాగంలో కూర్చున్న రాజు ఆకారం జాడ పడుతుంది. ఒకప్పుడు దానికి రంగులు పూసి ఉండేవని గుర్తుపెట్టుకుని చూడండి. ఉత్తరం వైపు అక్రోపొలిస్‌లో తాటాకు కప్పుల కింద పెద్ద పెద్ద గచ్చు ముఖాలున్నాయి. ఆ మెట్లు నిటారు, దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగండి.

ప్లాజా గడ్డి మీద గుండ్రంగా బూడిద మచ్చలుంటాయి. మాయా కుటుంబాలు ఇప్పటికీ అక్కడ అగ్ని వెలిగించి పూజ చేస్తాయి. హోమగుండాన్ని చెప్పులతో దాటనట్టే వాటినీ దాటకండి. పూజ జరుగుతుంటే దూరంగా నిలబడండి, అడగకుండా ఫొటో తీయకండి.

ఆరో గుడి చూడాలని అబ్బాయి రాశాడట. దాని తల వెనుకవైపు పెద్ద పెద్ద అక్షరాలు చెక్కి ఉంటాయి, నిజంగానే చూడదగ్గది. కాకపోతే ప్లాజా నుంచి కిలోమీటరుకు పైగా, జనం లేని దారి. వెళ్లేముందు కాపలావాళ్లను అడిగి, ఇద్దరు ముగ్గురు కలిసి, మూడు గంటల లోపే వెళ్లి రావాలి. ఐదింటికి అడవిలో చీకటి మొదలవుతుంది.

దారిలో రెండువైపులా కనిపించే దిబ్బలన్నీ కట్టడాలే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు నడిబొడ్డున 16 చదరపు కిలోమీటర్లు కొలిచి దాదాపు 3,000 కట్టడాలు గుర్తించారు. అందుకే ఆ నేలమీద ఎక్కడ చూసినా కుండపెంకులు, చెకుముకి ముక్కలు తేలి ఉంటాయి. ఒక్కటీ తీయకూడదు. గ్వాటెమాలా చట్టం ఒప్పుకోదు, పెతెన్ పురావస్తువులు లోపలికి తేవడాన్ని అమెరికా 1991 నుంచే నిషేధించింది. దుకాణంలో కొన్న కొత్త బొమ్మకైనా రసీదు దాచండి. విమానాశ్రయానికి బయలుదేరే ముందు పిల్లవాడి ప్యాంటు జేబులు, బూట్లు దులపండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న